తడి కోర్టు

కబడ్డీ కోర్టు తయారు చేయడంలో కాజీపేట మొత్తం మీద నన్ను మించినవాడు లేడని చెప్పుకుంటూ ఉంటాను. ఇంకెవరూ ఆ మాట అనరు కాబట్టి నేనే అనుకోవాల్సి వస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా గ్యాంగ్‌మన్‌గా రైలు పట్టాల కింద కంకర సర్దాను. నేల ఎక్కడ కుంగుతుందో, ఎక్కడ పొంగుతుందో అరికాలితో చెప్పేస్తాను. రిటైరయ్యాక పట్టాలు వదిలిపోయాయి గానీ నేల పిచ్చి వదల్లేదు. మా కాలనీ గ్రౌండులో ఏటా దసరా సెలవుల్లో జరిగే కబడ్డీ పోటీలకు కోర్టు వేసేది నేనే.

కోర్టంటే నాలుగు సున్నం గీతలే అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎర్రమట్టి తెప్పించాలి, రాళ్లు లేకుండా జల్లెడ పట్టాలి, తగినంత ఇసుక కలపాలి. ముందురోజు నీళ్లు పెట్టి నాననివ్వాలి. ఆట రోజు మళ్లీ పలచగా నీళ్లు చల్లి రోలరు తోలాలి. అప్పటికీ పని అయిపోదు. రోలరు ఎత్తుపల్లాలను సరిచేస్తుందే తప్ప పైపొరను గట్టిపరచలేదు. ఆ పొర సబ్బు రాసినట్టు జారుతుంది. దాన్ని దారికి తేవాలంటే మనుషుల పాదాలు కావాలి. పద్నాలుగు మంది ఓ అరగంటసేపు అటూ ఇటూ ఉరికి తొక్కితే గానీ కోర్టు ఆటకు పనికిరాదు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫైనల్స్ రోజు మధ్యాహ్నం రెండింటికి, ఎర్రటి ఎండలో, అప్పుడే రోలరు తోలిన కోర్టు మీద ఆడవాళ్ల ఫైనల్ పెట్టేవాళ్లం. తర్వాత నేను గీతలు మళ్లీ దిద్దేవాణ్ణి. ఆరింటికి లైట్ల వెలుతురులో, గట్టిపడిన కోర్టు మీద మగవాళ్ల ఫైనల్. "ఆడోళ్ళ మ్యాచ్ ముందుగాల పెడుదాం, కోర్టు సెట్ అయితది" అనేది మా కమిటీలో అందరికీ నోటికొచ్చిన మాట. అది మొదట ఎవరన్నారో గుర్తులేదని అంతా అంటారు. నాకు గుర్తుంది. నేనే అన్నాను.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే ఒప్పేసుకుంటాను. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు మగవాళ్ల కోర్టు కంటే కొంచెం చిన్నదిగా ఉండాలని రూలు. రెండు రకాల గీతలు గీస్తే చూడ్డానికి గజిబిజిగా ఉంటుందని నేను మగవాళ్ల గీతలే గీసేవాణ్ణి. ఆడపిల్లలు ఆ పెద్ద కోర్టులోనే ఆడి వెళ్లిపోయేవారు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇదంతా చెప్పడానికి కారణం మా అక్క మనవరాలు.

ఆ పిల్ల అమ్మానాన్నలు పరకాలలో చిన్న కిరాణా దుకాణం నడుపుతారు. చదువు కోసమని పిల్లను కాజీపేటలో మా అక్క దగ్గర ఉంచారు. అక్క ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. అక్కకు కాలక్షేపం పిల్ల, పిల్లకు కాలక్షేపం నేను. పదేళ్ల వయసప్పుడు ఓ సాయంత్రం వాకిట్లో సరదాగా నేను కూతకు వెళ్లినట్టు నటిస్తే, ఒక్క దూకు దూకి నా కాలు పట్టేసింది. పట్టు అంటే మామూలు పట్టు కాదు. నా పాత మోకాలు కలుక్కుమంది. నొప్పి కన్నా సంబరం ఎక్కువైంది నాకు.

"అబ్బ! మగపిల్లగాని లెక్క పట్టినవ్ బిడ్డా!" అన్నాను.

కాలు వదిలేసి లేచి నిలబడింది. దుమ్ము దులుపుకుంటూ అడిగింది. "తాతా, నువ్వు ఆడేటప్పుడు మంచిగ పట్టు పడితే, నిన్ను ఎవ్వని లెక్క పట్టినవ్ అనేటోళ్ళు?"

మా గ్యాంగు జట్టులో నేను మంచి ఆటగాణ్ణే. బాగా ఆడితే శభాష్ అనేవారు, అంతే. ఇంకొకరి లెక్క ఆడావని నన్నెవరూ అనలేదు. ఆ రోజు పిల్ల మాటను నవ్వులో కలిపేశాను. అట్లా కలిపేయడం నాకు బాగా చేతనైన పని.

పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల మా కాలనీ ఆడపిల్లల జట్టుకు కెప్టెన్ అయింది. పొద్దున కాలేజీ, సాయంత్రం గ్రౌండు. నేలను చూసి అడుగు వేసేది. అది మాత్రం నా పోలిక అని లోలోపల మురిసిపోయేవాణ్ణి. కానీ నిజం చెప్పాలంటే పూర్తి మ్యాచ్ ఒక్కటి కూడా నేను కళ్లప్పగించి చూడలేదు. ఎందుకు చూడలేదో ముందుకు వెళ్తే మీకే తెలుస్తుంది.

పోయిన ఏడాది సంగతి ఇది. ఫైనల్స్‌కు వారం ముందు, నేను జల్లెడ పడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు మట్టిలో రాళ్లు ఏరింది. ఏదో అడగబోతోందని అర్థమైంది. ఊరికే సాయం చేసే రకం కాదు.

"తాతా, ఈసారి మా మ్యాచ్ మాపటికి పెట్టు."

"మాపటికి మగోళ్ళ ఫైనల్ ఉన్నది గద."

"దానికంటె ముందు పెట్టు. ఐదున్నరకు. ఐదింటి రైలుకు కోచ్ సారు దిగుతాండట."

కోచ్ సారంటే హైదరాబాద్‌లో ఒక స్పోర్ట్స్ హాస్టల్‌కు ఆటగాళ్లను ఎంపిక చేసే ఆయన. మగవాళ్ల ఫైనల్‌కు ముఖ్య అతిథిగా మా కమిటీ పిలిచింది. ఆ హాస్టల్లో ఆడపిల్లలకు కూడా సీట్లున్నాయి. పిల్లకు అదే చివరి ఏడాది, వయసు దాటిపోతే ఇక తీసుకోరు. పైగా వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. ఈ ఏడు ఎవరైనా తీసుకుంటే సరే, లేకుంటే ఆట చాలించి పరకాల వచ్చి దుకాణంలో కూర్చోవాలని. ఆయనది రాతి గుండేమీ కాదు. ఎన్నేళ్లని ఎదురుచూస్తాడు?

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మీ మ్యాచ్ ఐదున్నరకు పెడితే మధ్యాహ్నం కోర్టు ఎవరు తొక్కుతరు? తడి కోర్టు మీద మగోళ్ళు ఆడుతరా?"

"అంటే మేము ఆడొచ్చా?"

"ఎదురు మాట్లాడకు బిడ్డా. పద్ధతంటే పద్ధతి. అయినా మాపటికి ఆడోళ్ళందరు బతుకమ్మకు పోతరు. మీ ఆట ఎవరు చూస్తరు?"

"కోచ్ సారు చూస్తడు తాతా. ఒక్కడు చూస్తే సాలు నాకు."

కమిటీలో అడుగుతానన్నాను. అడిగాను కూడా. అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగాను. మా కమిటీ పెద్దాయన "నీ కోర్టు, నీ ఇష్టం తమ్మీ" అన్నాడు. అంటే నిర్ణయం నా చేతిలోనే ఉంది. నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాశాను. ఆడవాళ్ల ఫైనల్, రెండు గంటలకు. ముఖ్య అతిథి ముందు, అంత జనం ముందు మగవాళ్లు నా కోర్టు మీద జారిపడితే నా పేరేం కాను? నాకు కనిపించింది నా పేరే. పిల్ల మాట నాకు ఆనలేదు.

ఫైనల్ రోజు రెండింటికి గ్రౌండులో జనం యాభై మంది కూడా లేరు. వాళ్లలో సగం మంది టెంటు వేసేవాళ్లు. మా కాలనీ పిల్లలకూ కేసముద్రం పిల్లలకూ పోటీ. కేసముద్రం కెప్టెన్ నల్లగా, బక్కగా, చురుకైన పిల్ల. వాళ్ల నాన్న అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాడట. పొద్దున పాసింజరులో వచ్చి, ప్లాట్‌ఫామ్ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, నేరుగా గ్రౌండుకు వచ్చారు.

ఆ మ్యాచ్ నేను చూశాను అనడం తప్పు. నేను చూసింది పాదాలను. ఎక్కడ జారుతున్నాయి, ఎక్కడ గుంట పడుతోంది, ఏ మూలన నీరు ఎక్కువైంది. సున్నం బకెట్ పక్కన పెట్టుకుని, కళ్లు నేలకు అతికించి కూర్చున్నాను. ఏళ్ల తరబడి నేను ఆడపిల్లల ఆటను చూసింది అట్లాగే, పట్టాలు తనిఖీ చేసినట్టు. ఎవరు ఎవరిని పట్టారో, ఎవరు ఎట్లా తప్పించుకున్నారో అడిగితే చెప్పలేను. వాయవ్య మూల కొంచెం మెత్తగా ఉందని మాత్రం చెప్పగలను.

కేసముద్రం వాళ్లు మూడు పాయింట్లతో గెలిచారు. కప్పు ఇచ్చే పెద్దమనుషులు ఇంకా రాలేదు కాబట్టి చప్పట్లు కూడా సాయంత్రానికి వాయిదా పడ్డాయి.

పిల్ల నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లాను. మోకాలి దగ్గర తోలు లేచింది. నా వైపు చూడకుండానే అంది.

"అయిపోయింది తాతా. నీ కోర్టు మంచిగ సెట్ అయింది. పోయి చూస్కో."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు అనేసి ఊరుకునేవాణ్ణి, నా కోపం ముక్కు మీదే ఉంటుంది. మామూలుగా అంది. ఆ మాట నా గుండెల్లో సూదిలా దిగింది. వెళ్లి కోర్టు చూశాను. నిజంగానే అద్దంలా సెట్ అయింది. ఎప్పుడూ లేనిది, దాన్ని చూస్తే నాకు సంతోషం కలగలేదు.

నాలుగున్నరకు వాన మొదలైంది.

దసరా ముందు వాన మాకు కొత్తేం కాదు. అందుకే కోర్టు మీద కప్పడానికి రెండు పెద్ద టార్పాలిన్లు తెప్పించి పెట్టుకుంటాను. ఉరుకుతూ వెళ్లేసరికి అవి లేవు. అతిథులు కూర్చునే సోఫాలు తడుస్తాయని కమిటీ వాళ్లు స్టేజీ మీద కప్పేశారు! నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మైకు ఆన్‌లో ఉందని తర్వాత చెప్పారు. అరగంట సేపు కుండపోతగా కురిసింది. నా అద్దంలాంటి కోర్టు నా కళ్ల ముందే బురదైంది.

ఐదింటి రైలు దిగిన కోచ్ సారు సగం తడిసి వచ్చాడు. వాన ఆగింది. లైట్లు వేశారు. జనం మాత్రం పోలేదు, ఇంకా పెరిగారు. బతుకమ్మలు పట్టుకుని బయలుదేరిన మా కాలనీ ఆడవాళ్లంతా వానకు చెల్లాచెదురై, పట్టుచీరల కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మా టెంటు కిందికి వచ్చి చేరారు. పూల పళ్లాలు స్టేజీ అంచున వరసగా పెట్టారు. వాళ్లలో మా అక్క కూడా ఉంది. మా టోర్నమెంటులో అంతమంది ఆడవాళ్లు ప్రేక్షకులుగా ఉండడం నేను చూడటం అదే మొదటిసారి.

రంపంపొట్టు చల్లాను, గోనె సంచులు పరిచి నీళ్లు పీల్చాను, రోలరు తోలాను. మడుగులు పోయాయి గానీ పైపొర మళ్లీ మొదటికి వచ్చింది. మగవాళ్ల జట్లు రెండూ వచ్చి చూశాయి. ఒక కెప్టెన్ బూటు మడమతో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాదు పెద్దనాయినా. ఇది జారుతాంది. మోకాలు పోతే మా పని ఖతం. వచ్చే నెల మాకు సెలక్షన్లు ఉన్నయ్."

నేను తప్పుపట్టలేదు. ఇప్పటి మగపిల్లలు మ్యాటు మీద, బూట్లతో ఆడడానికి అలవాటు పడ్డారు. ఒట్టికాళ్లతో తడి మట్టి మీద ఆడి చాలా ఏళ్లయింది. మోకాలు పోతే ఎట్లుంటుందో నాకంటే ఎవరికి తెలుసు. కమిటీ పెద్దాయన మైకులో ఏం చెప్పాలో తెలియక దగ్గుతున్నాడు. కోచ్ సారు గడియారం చూసుకుంటున్నాడు. తిరుగు రైలు ఎనిమిదింటికి.

అప్పుడు కనబడింది పిల్ల. టెంటు చివర, కేసముద్రం పిల్లలు తమ రైలు కోసం బ్యాగులతో కూర్చున్న చోటికి వెళ్లి నిలబడింది. నేను దగ్గర్లోనే గోనె సంచి పిండుతున్నాను కాబట్టి ప్రతి మాటా వినపడింది.

"అక్కా, ఇంకొక్కసారి ఆడుదామా? కప్పు మీదే. దాని ముచ్చట లేదు. కోచ్ సారు చూస్తాండు, గందుకు."

కేసముద్రం కెప్టెన్ ముందు కోర్టు వైపు చూసింది, తర్వాత కోచ్ వైపు చూసింది. వాళ్ల రైలుకు గంట కూడా లేదు. మధ్యాహ్నం గెలిచిన వాళ్లు మళ్లీ ఆడి ఓడిపోతే నవ్వులపాలు. ఆడాల్సిన అవసరం ఏ కోశానా లేదు.

"మీరు రెండింటికి పెట్టిండ్రని మేము గూడ బాధపడ్డం చెల్లె," అంది. "మమ్ముల గూడ ఎవ్వలు చూడలే." తన పిల్లల వైపు తిరిగింది. "రైలు పోతే పోనియ్యి. లేవుండ్రి."

ఇద్దరూ కలిసి కమిటీ పెద్దాయన దగ్గరికి నడిచారు. ఆయన వినీ వినగానే నా వైపు చూశాడు. "తడి కోర్టు మీద ఎట్ల ఆడుతరమ్మా? దెబ్బలు తాకుతయ్."

"మధ్యాహ్నం గూడ తడే ఉండె పెద్దనాయినా," అంది మా పిల్ల. "ఏటా తడే ఉంటది. అప్పుడు మీకు ఫికర్ కాలేదు."

పెద్దాయన పక్కకు జరిగి దారిచ్చాడు. నేను తల దించుకుని గోనె సంచి పిండుతూనే ఉన్నాను, అందులో చుక్క నీరు లేకపోయినా.

పిల్ల నా దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడని మనిషి.

"తాతా, ఈసారి మా గీతలు గియ్యి."

సున్నం బకెట్ తీసుకున్నాను. టేపు పట్టి, తాడు కట్టి, పెద్ద గీతల లోపల ఆడవాళ్ల కోర్టు గీశాను. అన్నేళ్లలో మొదటిసారి. గీత ఎక్కడా వంకర పోలేదు. జనం గోల చేస్తూ చూస్తున్నారు. కేసముద్రం కెప్టెన్ మెడలోని సిలువ గొలుసు తీసి ఎవరికిద్దామా అని చూసి, దగ్గర్లో నిలబడ్డ మా అక్క చేతిలో పెట్టింది. అక్క దాన్ని పిడికిట్లో బిగించింది.

ఇక ఆ ఆట గురించి ఏం చెప్పను! అరవై దాటిన వయసులో, జీవితమంతా కబడ్డీ చుట్టూ తిరిగిన మనిషిని, నేను కబడ్డీ చూసింది ఆ సాయంత్రమే అనిపించింది.

మొదటి కూతకు మా పిల్ల వెళ్లింది. నేను పాదాల నుంచి కళ్లు ఎత్తి మనిషిని చూశాను. పొడి నేల మీద ఆటగాడు దూకుతాడు, గిర్రున తిరుగుతాడు. తడి నేల మీద అట్లా చేస్తే బొక్కబోర్లా పడతాడు. ఈ పిల్ల దూకలేదు. పొట్టి పొట్టి అడుగులు వేసింది. బొటనవేలు ముందు నేలలో దించి, అది పట్టిందని నమ్మకం కుదిరాకే మడమ ఆనించింది. కూత ఎక్కడా తెగలేదు. ఎడమ మూలనున్న పిల్ల కాలికి వంగేలోపు చెయ్యి తాకించి, వెనక్కి తిరగకుండా, అట్లాగే జారుకుంటూ గీత దాటింది. జారడాన్ని కూడా ఆటలో కలిపేసుకుంది! నేను బురద అనుకున్నదాన్ని ఆ పిల్ల వాడుకుంది. "శభాష్!" అని అరిచాను. అంతకు మించి ఏమీ కలపలేదు.

కేసముద్రం కెప్టెన్ ఇంకో రకం. కూతకు వచ్చేవాళ్లను చూడదు, వాళ్ల నడుమును చూస్తుంది. నడుము ఎటు ఒరిగితే కాలు అటు జారుతుందని తెలుసు. సరిగ్గా జారే క్షణానికి ముందు కిందికి పోయి చీలమండ అందుకుంటుంది. బలంతో లాగదు, పట్టుకుని ఆగుతుంది. మిగతాది నేల చేస్తుంది. అట్లా మా వాళ్లను నలుగురిని పట్టింది. రెండోసారి మా పిల్లనే పట్టింది. ఇద్దరూ బురదలో పడి, లేచేటప్పుడు ఒకరికొకరు చెయ్యిచ్చుకున్నారు.

"గుంజకు! కాలు పట్టి జర ఆగు! ఆగవే, నడుము తిప్పనియ్యి దాన్ని!"

నా పక్కనుంచి ఎవరో అరుస్తున్నారు. తిరిగి చూస్తే మా అక్క. పట్టుచీర కొంగు నడుముకు చుట్టి, పిడికిట్లో సిలువ పట్టుకుని, గొంతు చించుకుని మా జట్టుకు పట్టు నేర్పుతోంది. ఈ ముసలమ్మకు ఇదంతా ఎట్లా తెలుసు అనుకున్నాను. అనుకుంటుండగానే గుర్తొచ్చింది.

కాలు ఎట్లా పట్టాలో నాకు నేర్పింది అక్కే. పాత క్వార్టర్ల గల్లీలో అక్క ఆడుతుంటే పెద్ద పిల్లలు కూడా కూతకు రావడానికి జంకేవారు. పెద్దమనిషి అయ్యాక అమ్మ ఆట మాన్పించింది. ఆ ఖాళీ జాగాలోకి నేను వెళ్లాను. అక్క వాకిలి గడపలో కూర్చుని మా ఆట చూసేది. తర్వాత చూడటం కూడా మానేసింది. ఎందుకు మానేశావని నేను ఏనాడూ అడగలేదు. పెద్ద ఆటగాణ్ణని ఊరేగాను, నా పట్టు ఎక్కడిదో మర్చిపోయాను.

"అక్కా, నువ్వు నాకు ఇట్లనే చెప్పేటిదానివి గద," అన్నాను.

"చెప్తె ఏం లాభం? నువ్వు ఎప్పుడూ తొందరపడి గుంజేటోనివి," అంది కళ్లు కోర్టు మీద నుంచి తిప్పకుండా. "గది చూడు, గా కేసముద్రం పిల్ల. అట్ల పట్టాలె." నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. చెమట అనుకున్నారేమో, ఎవరూ పట్టించుకోలేదు.

టెంటు కింద ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. మొదట బతుకమ్మకు కొట్టినట్టు చప్పట్లు కొట్టారు, తర్వాత కేకలు మొదలుపెట్టారు. మగవాళ్ల జట్లు రెండూ కోర్టు పక్కన గొంతుక్కూర్చుని నోళ్లు తెరుచుకుని చూశాయి. ఇందాక బూటుతో నొక్కి చూసిన కెప్టెన్ బూట్లు విప్పి, కూర్చున్న చోటే బొటనవేలు మట్టిలో దించి చూసుకుంటున్నాడు. వాడి మీద నాకు గౌరవం కలిగింది. మంచి ఆటగాడు ఎవరి దగ్గరైనా నేర్చుకుంటాడు.

మా వాళ్లు మళ్లీ ఓడిపోయారు. ఈసారి ఒక్క పాయింటు తేడా. చివరి కూతలో మా పిల్ల ఇద్దరిని తాకి, గీతకు జానెడు దూరంలో దొరికిపోయింది. కేసముద్రం కెప్టెన్ అందుకున్న చీలమండ అది. విజిల్ మోగాక ఇద్దరూ చాలాసేపు లేవలేదు. నేను భయపడి ఉరికాను. తీరా చూస్తే పడుకునే నవ్వుకుంటున్నారు.

కోచ్ సారు ప్యాంటు మడిచి బురదలోకి దిగి వచ్చాడు. ముందు వంగి నేల మీద పాదాల గుర్తులు చూశాడు. అచ్చం నేను చూసినట్టే. కానీ ఆయన చూసింది కోర్టును కాదు, ఆ పాదాల వెనకున్న పిల్లలను. తర్వాత మా పిల్లనూ కేసముద్రం కెప్టెన్‌నూ దగ్గరికి పిలిచాడు. నేను పక్కనే రోలరు పట్టుకుని నిలబడ్డాను.

"మా హాస్టల్లో రెండేళ్లు నేర్పినా ఈ అడుగు రాదమ్మా. తడి నేల మీద ఇట్లా పాదం పెట్టడం మీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

కేసముద్రం పిల్ల మా పిల్ల వైపు చూసింది. మా పిల్ల నా వైపు చూసింది. బురద ముఖంలో పళ్లు మాత్రం తెల్లగా మెరిశాయి.

"మా తాత నేర్పిండు సార్. ఏటా మాకు తడి కోర్టే ఇస్తడు."

కోచ్ సారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. గొప్ప ఆలోచన పెద్దాయనా అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల నన్ను అక్కడే, అందరి ముందూ నిలబెట్టి కడిగేయవచ్చు. కడిగేసింది కూడా. కానీ ఆ సంగతి నాకూ దానికీ తప్ప ఇంకెవరికీ తెలియకుండా కడిగింది. పద్దెనిమిదేళ్ల పిల్లకు అంత పెద్దమనసు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. పిడికిలి విప్పి గొలుసు తిరిగిచ్చేస్తున్న మా అక్కను చూస్తే కొంచెం అర్థమైంది.

రెండు వారాల తర్వాత పరకాలకు ఫోను వచ్చింది, కేసముద్రానికీ వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ హైదరాబాద్ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నారు. ఒకే జట్టులో ఒకరు కూతకు వెళ్తారు, ఒకరు మూల కాస్తారు. అక్క మనవరాలి మ్యాచులు ఫోనులో చూస్తూ ఫోనును తిడుతుంది. "గుంజొద్దన్న గదనే!" అని. నేను పక్కనే కూర్చుని పూర్తిగా చూస్తాను, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా.

ఈ ఏడాది కూడా దసరా సెలవులకు కోర్టు నేనే వేశాను. మట్టి జల్లెడ పట్టాను, నానబెట్టాను, రోలరు తోలాను. రెండు రకాల గీతలూ గీశాను. నల్లబోర్డు మీద సమయాలు కూడా నేనే రాశాను. మధ్యాహ్నం రెండింటికి కోర్టు సబ్బు రాసినట్టు ఉంది. ఎండ మాడ్చేస్తోంది. జనం యాభై మంది కూడా లేరు. ఆడుతున్నవాళ్లలో ఒక కుర్రాడు జారి కూలబడి, నడుము పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చాడు. పోయిన ఏడాది బూటుతో నొక్కి చూసిన కెప్టెనే. ఈసారి ఒట్టికాళ్లతో ఉన్నాడు.

"ఏంది పెద్దనాయినా, కోర్టు గిట్ల జారుతాంది?"

"జర ఓపిక పట్టి ఆడుండ్రి బిడ్డా," అన్నాను. "మీరు తొక్కితే సెట్ అయితది. మాపటికి ఆడోళ్ళ ఫైనల్ ఉన్నది."